"మంచి క్లీనర్ ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లకు

"కంప్యూటర్ బాగా స్లో అయిపోయిందండీ, మంచి క్లీనర్ ఏదైనా ఉంటే చెప్పండి." వారానికి ఒకరైనా అడుగుతారు. క్లీనర్ అంటే చెత్త తీసి కంప్యూటర్ వేగం పెంచుతానని చెప్పుకునే సాఫ్ట్‌వేర్. ఏదీ వేసుకోవద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. తెలిసి కూడా చెప్పట్లేదేమో అని కొందరికి అనుమానం. కాస్త గుచ్చి అడిగితే తేలేదేమిటంటే, వాళ్ల మెషీన్‌లో అప్పటికే ఒకటో రెండో క్లీనర్లు కూర్చుని ఉంటాయి. ఎప్పుడు వేశారో వాళ్లకే గుర్తుండదు. వేరే దేన్నో దించుకోబోతే దాని తోకలా వచ్చినవి అవి. అందుకే సాఫ్ట్‌వేర్ ఎలా దించుకోవాలి, మెషీన్ నెమ్మదిస్తే ఏం చేయాలి అన్న రెండింటినీ ఒకేచోట రాస్తున్నాను.

మా పిన్ని రిటైరైన తెలుగు టీచరు. తెలుగులో టైపు చేసుకోవాలని నెట్‌లో వెతికి, కనపడ్డ పచ్చ బటన్ నొక్కింది. రెండు రోజుల తర్వాత ఫోను.

"ఒరేయ్, కంప్యూటర్లో ఎర్రగా ఏదో వస్తోందిరా. పద్దెనిమిది వందల తప్పులున్నాయట. డబ్బు కడితే బాగుచేస్తానంటోంది, కట్టమంటావా?"

"వద్దు పిన్నీ. దేన్నీ నొక్కకు, సాయంత్రం వస్తాను."

వెళ్లి చూస్తే పీసీ క్లీనర్ ఒకటి, డ్రైవర్ అప్‌డేటర్ (ప్రింటర్, సౌండ్ లాంటి భాగాల్ని నడిపే ప్రోగ్రాములను కొత్తవి చేస్తానంటుంది) ఒకటి, బ్రౌజర్‌కి ఎవరూ అడగని కొత్త సెర్చ్ పేజీ ఒకటి. తెలుగు కీబోర్డు మాత్రం లేదు! ఆ "తప్పుల" పట్టిక తెరిచి చూపించాను. దాదాపు అన్నీ వెబ్‌సైట్లు పెట్టే కుకీలు, తాత్కాలిక ఫైళ్లు. సంక్రాంతికి ఇల్లు దులిపి, రాలిన దుమ్మును రేణువు రేణువూ లెక్కపెట్టి "మీ ఇంట్లో 1,800 సమస్యలు" అన్నట్టుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటరు, తీరిగ్గా ఓ గంట, అడ్మిన్ పాస్‌వర్డ్. ముఖ్యమైన ఫొటోలూ కాగితాలూ కాపీ చేసుకోవడానికి పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ డిస్క్. ఫోన్లో స్టాప్‌వాచ్, అది ఎందుకో చివర్లో చెబుతాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీది అదే అయితే, పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో 11కి మారడమో చూసుకోండి.

1. అసలు దించుకోవాల్సిన పని ఉందా?

చాలామంది వెతికేవి విండోస్‌లో ముందే ఉన్నాయి. తెలుగు టైపింగే చూడండి. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ ప్రోగ్రామును గూగుల్ ఎప్పుడో ఆపేసింది. అయినా జనం ఆ పేరుతోనే వెతుకుతారు, ఎవరెవరో పెట్టిన పాత కాపీలు దొరుకుతాయి. మా పిన్ని పడింది అక్కడే. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే "తెలుగు ఫొనెటిక్" కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్లి తెలుగు చేర్చండి. తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి. ఆ తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో "అమ్మ" అని కొడితే తెలుగులో పడుతుంది.

పీడీఎఫ్ చదవడానికి ఎడ్జ్ చాలు. జిప్ ఫైళ్లు ఎప్పటినుంచో తెరుచుకుంటున్నాయి, విండోస్ 11 అయితే రార్, 7-జిప్ ఫైళ్లు కూడా. స్క్రీన్ రికార్డింగ్‌కి విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్ ఉంది. డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ నుంచో, ల్యాప్‌టాప్ కంపెనీ సొంత సైటు నుంచో వస్తాయి. "డ్రైవర్ అప్‌డేటర్" అనే జాతి మొత్తాన్నీ మర్చిపోండి.

2. అసలు సైటును పట్టుకోండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. సెర్చ్‌లో మొట్టమొదట కనిపించేది చాలాసార్లు ప్రకటన. పైన చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అని ఉంటే దాన్ని వదిలి కిందికి రండి. ప్రకటనలో కనిపించే అడ్రసునూ నమ్మలేం. 2023 అక్టోబర్‌లో పాస్‌వర్డులు దాచుకునే కీపాస్ పేరుతో గూగుల్‌లో ఒక నకిలీ ప్రకటన వచ్చింది. ఆ సైటు పేరులో మొదటి అక్షరం కింద పేనంత గుర్తు ఒకటి ఉంది, అంతే తేడా. స్క్రీన్ మీద మరక అనుకుంటారు ఎవరైనా.

అడ్రసు చదవడం నేర్చుకోండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సైటుకు చివర్లో వస్తుంది. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు స్లాష్‌లను వదిలేస్తే, ఆ తర్వాతి మొదటి స్లాష్ గీతకు ముందున్న ఆఖరి రెండు ముక్కలే ఇంటిపేరు. గెట్ డాట్ వీడియోలాన్ డాట్ ఆర్గ్ అంటే వీడియోలాన్ (వీఎల్‌సీ వీడియో ప్లేయర్ తయారుచేసేవాళ్లు) వాళ్లదే. వీడియోలాన్ డాట్ ఇంకేదో డాట్ కామ్ అంటే అది ఆ "ఇంకేదో" వాళ్లది, వీడియోలాన్ అన్నది వాళ్లు తగిలించుకున్న పేరు. చివర కో డాట్ ఇన్, గవ్ డాట్ ఇన్ లాంటివి ఉంటే మూడు ముక్కలు చూడాలి.

తరచూ అడిగేవాటి అసలు చిరునామాలు ఇవి.

వీఎల్‌సీ: వీడియోలాన్ డాట్ ఆర్గ్.
7-జిప్ (జిప్ లాంటి కుదించిన ఫైళ్లు తెరిచేది): 7-జిప్ డాట్ ఆర్గ్. మధ్యలో హైఫన్ ఉంది, చివర ఆర్గ్ ఉంది. హైఫన్ లేకుండా కామ్ అని ఉంటే అది వాళ్ల సైటు కాదు.
లిబ్రె ఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్): లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్. విరాళం అడుగుతుంది. ఇవ్వకపోయినా ఫైలు వస్తుంది.
గింప్ (ఫొటోలు సరిదిద్దేది): గింప్ డాట్ ఆర్గ్.
తెలుగు ఫాంట్లు: ఫాంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్. మండలి, రామభద్ర, సురన్న వంటివి అక్కడ ఉచితం.

అడ్రసు గుర్తులేకపోతే వికీపీడియాలో ఆ సాఫ్ట్‌వేర్ పేజీ తెరిచి, కుడివైపు పెట్టెలో ఇచ్చిన సైటు లింకు చూడండి. నేను అదే చేస్తాను.

"అన్ని సాఫ్ట్‌వేర్లూ దొరికే సైట్లు" జోలికి పోవద్దు. 2015లో సోర్స్‌ఫోర్జ్ అంతటి పేరున్న సైటే గింప్‌కి ప్రకటనల ఇన్‌స్టాలర్ చుట్టి ఇచ్చింది. మరుసటి ఏడాది యజమానులు మారి ఆ పద్ధతి ఆపేశారు. మైక్రోసాఫ్ట్ స్టోర్ మేలే, కానీ అక్కడా తయారీదారు పేరు చూడాల్సిందే. తప్పుదోవ పట్టించే పేర్లతో ఉన్న 1,500కు పైగా యాప్‌లను 2014లో మైక్రోసాఫ్టే అక్కడి నుంచి తీసేసింది.

క్రాక్ కాపీల గురించి ఒక్క మాట. డీటీపీ సాఫ్ట్‌వేరో ఎంఎస్ ఆఫీసో "యాక్టివేటర్"తో ఇస్తూ ముందు యాంటీవైరస్ ఆపేయమని చెబుతారు. కాపలావాణ్ని పంపేసి తలుపు తీయమనేవాడు ఎందుకొచ్చాడో ఆలోచించండి.

3. ఫైలు వచ్చింది. ఇంకా తెరవద్దు

ముందు దాని పేరు పూర్తిగా కనపడేలా చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. మీరు పీడీఎఫ్ కోసం వెళితే చివర ఈఎక్స్ఈ ఉన్న ఫైలు (అంటే ప్రోగ్రాము) వచ్చిందా? డిలీట్ కొట్టండి, ఇక చూడాల్సింది లేదు.

తర్వాత ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డిజిటల్ సిగ్నేచర్స్. వీఎల్‌సీ అయితే వీడియోలాన్ పేరు ఉండాలి. వేరే కంపెనీ పేరు కనిపిస్తే వదిలేయండి. అసలు సంతకమే లేకపోతే? అది వైరస్ అని తీర్మానించనక్కర్లేదు. 7-జిప్ చాలా ఏళ్లుగా సంతకం లేకుండానే వస్తోంది, అందుకే విండోస్ దాన్ని చూసి "అన్‌నోన్ పబ్లిషర్" అంటుంది. అలాంటప్పుడు సైటు సరైనదా కాదా అన్నదే ఆధారం.

అనుమానం ఉంటే వైరస్‌టోటల్ డాట్ కామ్‌లో ఫైలు పెట్టండి. 650 ఎంబీ వరకు తీసుకుంటుంది, డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. పేరు వినని ఒకటో రెండో ఎర్రగా చూపిస్తే సాధారణంగా పొరపాటు గుర్తింపే. పది, పదిహేను చూపిస్తే తెరవద్దు. సొంత కాగితాలు, ఆధార్ కాపీల లాంటివి మాత్రం అక్కడ పెట్టకండి. పెట్టిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికి వెళ్తాయి.

ఓపిక ఉన్నవాళ్లకు ఇంకొకటి. వీఎల్‌సీ, లిబ్రె ఆఫీస్ లాంటివి డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్ఏ-256 అనే పొడుగాటి సంఖ్య ఇస్తాయి. 7-జిప్ వేసుకుని ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్ఏ మెనూలోంచి ఎస్‌హెచ్ఏ-256 ఎంచుకోండి (విండోస్ 11లో ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాల్సి రావచ్చు). రెండు సంఖ్యలూ అక్షరం తేడా లేకుండా కలిస్తే, మధ్యలో ఎవరూ ఫైలు మార్చలేదన్నమాట.

4. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నెక్స్ట్ నెక్స్ట్" కొట్టొద్దు

ఎక్స్‌ప్రెస్, రికమెండెడ్ అన్న దాన్ని కాకుండా కస్టమ్ లేదా అడ్వాన్స్‌డ్ ఎంచుకోండి. దాగినవి అక్కడ బయటపడతాయి. ఒకప్పుడు జావా వేస్తే ఆస్క్ టూల్‌బార్‌కి ముందే టిక్ పెట్టి ఉండేది, ఎంతమంది ఇళ్లలో దాన్ని పీకానో లెక్కలేదు. ఇప్పుడు టిక్కుల కంటే తెలివైన పద్ధతి వాడుతున్నారు. మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్ "ఆఫర్" పేజీ వస్తుంది. పెద్ద నీలం బటన్ మీద యాక్సెప్ట్ అని, పనికిరానిదేమో అనిపించేంత లేత బూడిదరంగులో డిక్లైన్ అని ఉంటాయి. ఆ బూడిదరంగు బటన్ పని చేస్తుంది, నొక్కండి. డిక్లైన్ కొడితే అసలు ఇన్‌స్టాలే ఆగిపోతుందేమో అని భయపడతారు. ఆగదు. నిజంగా ఆగితే ఆ సాఫ్ట్‌వేర్ మీకు వద్దు.

స్క్రీన్ మసకబారి అనుమతి అడిగినప్పుడు అందులో పబ్లిషర్ పేరు చదివి ఎస్ కొట్టండి. మీరేమీ మొదలుపెట్టకుండానే అలా అడిగితే నో.

5. అయిపోయాక రెండు నిమిషాల తనిఖీ

సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ ప్రకారం పేర్చండి. ఇవాళ్టి తేదీతో కొత్తగా చేరింది మీరు వేసిన ఒక్కటే అయి ఉండాలి (పాతవి అప్‌డేట్ అయినా ఇవాళ్టి తేదీ చూపొచ్చు, వాటిని వదిలేయండి). తెలియని కొత్తది రెండోది ఏదైనా ఉంటే అప్పుడే తీసేయండి, వారం ఆగితే ఏది దేనితో వచ్చిందో గుర్తుండదు. బ్రౌజర్ ఒకసారి మూసి తెరవండి. మొదటి పేజీ, సెర్చ్ మారాయా చూడండి.

విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌కి వెళ్తే "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి. ఈ తోకల్ని సగం అదే ఆపుతుంది.

క్లీనర్ ఎందుకు వద్దంటున్నానంటే

రిజిస్ట్రీ క్లీనర్లతో మొదలుపెడదాం. రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసి పెట్టుకునే పెద్ద పట్టిక. రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత వరసలు తీసేస్తే మిగిలేది కాస్తంత చోటు, వేగంలో తేడా తెలియదు. తీయకూడనిది తీస్తే మాత్రం ప్రింటరో, ఆఫీసో, ఒక్కోసారి విండోసే తెరుచుకోదు. ఇలాంటి సాధనాలను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

"స్కాన్" చూపించే తప్పుల సంఖ్యను ఎంత నమ్మొచ్చో అమెరికాలో ఒక కేసు చెబుతుంది. ఆఫీస్ డిపో దుకాణాల్లో ఉచితంగా పీసీ హెల్త్ చెక్ చేసేవారు. మొదట్లో కంప్యూటర్ నెమ్మదిగా ఉందా, పాప్‌అప్‌లు వస్తున్నాయా లాంటి నాలుగు ప్రశ్నలు. ఏ ఒక్కదానికి అవునన్నా, స్కాన్‌తో సంబంధం లేకుండా వైరస్ లక్షణాలున్నాయని ఫలితం వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆఫీస్ డిపో 2.5 కోట్ల డాలర్లు, ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి.

ఇక పేరున్న క్లీనర్ సంగతి. 2017 ఆగస్టు 15న విడుదలైన సీక్లీనర్ 5.33లో దొంగ కోడ్ దూరింది. అసలు సైటు నుంచే వచ్చింది, అసలు కంపెనీ సంతకంతోనే వచ్చింది. నెల దాకా ఎవరూ పట్టుకోలేదు, దాదాపు 22.7 లక్షల మంది మెషీన్లలోకి చేరింది. పైన 2, 3 అంకెల్లో చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించినవాళ్లకు కూడా తప్పేది కాదు. దాన్ని వేసుకోనివాళ్లకు మాత్రమే తప్పింది. అందుకే 1వ అంకెకు అంత చోటిచ్చాను.

6. మరి స్లో అయితే ఏం చేయాలి?

ముందు కొలవండి. రీస్టార్ట్ కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకుని పేజీ కనపడేదాకా ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూసి రాసుకోండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో మెషీన్ పూర్తిగా కొత్తగా మొదలవదు. కొందరికి ఈ రీస్టార్ట్‌తోనే సగం పని అవుతుంది, పాపం నెలల తరబడి చేసి ఉండరు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో రోజూ వాడనివి డిసేబుల్ చేయండి. సెక్యూరిటీ, టచ్‌ప్యాడ్, సౌండ్ పేర్లున్నవాటిని ముట్టుకోవద్దు. డిసేబుల్ అంటే తీసేయడం కాదు, ఎప్పుడైనా మళ్లీ పెట్టుకోవచ్చు.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. క్లీనర్ డబ్బు తీసుకుని చేసే పనిలో పనికొచ్చే భాగం ఇంతే, ఇక్కడ ఊరికే. జాగ్రత్త ఒక్కటే: ఆ పట్టికలో "డౌన్‌లోడ్స్" అని కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే మీరు దించుకుని అక్కడే వదిలేసిన హాల్‌టికెట్లు, బిల్లులు, ఫొటోలు పోతాయి. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" తీసేస్తే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లలేరు. స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి పెడితే ఇకమీదట అదే చూసుకుంటుంది. అందులో కూడా డౌన్‌లోడ్స్‌కి "నెవర్" అని ఉందో లేదో చూడండి.

ఇన్ని చేసినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అస్తమానం 100 శాతం దగ్గరే ఉంటే, లోపల ఉన్నది తిరిగే పాత హార్డ్‌డిస్క్ అయి ఉంటుంది. దాన్ని ఏ క్లీనరూ పరిగెత్తించలేదు. దాని చోట తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్క్, అంటే ఎస్ఎస్‌డీ వేయించండి. నాకు అన్నిటికంటే నచ్చే మందు ఇదే. మా పిన్ని ల్యాప్‌టాప్ నాలుగు నిమిషాలు తీసుకునేది. చెత్త తీసేసి స్టార్టప్ సర్దితే రెండున్నరకి వచ్చింది, ఎస్ఎస్‌డీ పడ్డాక అరనిమిషం. మెమరీ 4 జీబీయే ఉంటే 8కి పెంచడం రెండో మెట్టు. వేసవిలోనే నెమ్మదిస్తోందంటే ఫ్యాన్లో దుమ్ము చూపించండి, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

7. క్లీనర్ ముందే దూరి ఉంటే

ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాన్ని పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్. పోనని బతిమాలుతుంది: సగం ధరకే ఇస్తామంటుంది, మీ పీసీ ప్రమాదంలో ఉందంటుంది. పెద్ద బటన్ ఎప్పుడూ "ఉంచుకో" అన్నదే, చిన్న అక్షరాల్లో ఉన్నది నొక్కండి. అదే రోజు తేదీతో ఉన్న మిగతా కొత్త ముఖాల్నీ తీసేయండి.

రీస్టార్ట్ చేసి స్టార్టప్ యాప్స్‌లో దాని పేరు ఇంకా ఉందేమో చూడండి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ ఇంజిన్ సరిచూడండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో తెలియని సైట్లన్నీ తీసేయండి. మూలన వచ్చే "వైరస్ దొరికింది" ప్రకటనలు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి. వైరస్ ఉండదు, ఎప్పుడో "అలౌ" కొట్టి ఉంటారు.

చివరగా విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లో ముందు ఫుల్ స్కాన్, తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్. రెండోదానికి మెషీన్ రీస్టార్ట్ అయి పావుగంట తీసుకుంటుంది, తెరిచిన పనులు సేవ్ చేసుకోండి.

స్క్రీన్ మొత్తం ఎర్రగా నిండి, మోత పెట్టి, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటే అది వెబ్‌పేజీ మాత్రమే. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుని బ్రౌజర్ మూసేయండి. కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లోంచి ముగించండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు "రిస్టోర్" చేయమంటే వద్దనండి. ఆ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే మొదట నెట్ ఆపేయండి. వెంటనే 1930కి, మీ బ్యాంకుకి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. క్లీనర్‌కే కార్డుతో డబ్బు కట్టి ఉంటే ఏటా దానంతటదే కోసుకునే ఆటో రెన్యూవల్ ఉందేమో చూసి రద్దు చేయించండి. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అది ఆగదు.

ఫోన్లకూ ఇదే మాట

ఫోన్ క్లీనర్లు తయారుచేసే చీతా మొబైల్ అనే కంపెనీ యాప్‌లను గూగుల్ 2020 ఫిబ్రవరిలో ప్లే స్టోర్ నుంచి తీసేసింది. వాళ్ల క్లీన్ మాస్టర్, ఆ ఏడాది జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలోనూ ఉంది. ర్యామ్ బూస్టర్లు మూసేసిన యాప్‌లను ఆండ్రాయిడ్ మళ్లీ తెరుస్తుంది, బ్యాటరీ తగ్గడం తప్ప లాభం లేదు. చోటు కావాలంటే ఫైల్స్ బై గూగుల్‌లో క్లీన్ నొక్కి వాట్సాప్‌లో వచ్చిన గుడ్‌మార్నింగ్ వీడియోలు తీసేయండి.

వారం తర్వాత స్టాప్‌వాచ్‌తో మళ్లీ అదే కొలత తీయండి. మొదట రాసుకున్న అంకె కంటే తగ్గిందా, సరే. మళ్లీ పెరుగుతోందా, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తేదీ ప్రకారం పేర్చి, అన్నిటికంటే పైన ఏం కూర్చుందో చూడండి.